కొత్తకోటలో ఎన్ని అక్షరాలు?

రెండో తరగతి పిల్లను అడిగితే వేళ్లు మడిచి నాలుగని చెబుతుంది: కొ, త్త, కో, ట. అదే ప్రశ్న కంప్యూటరును అడిగితే సాధనాన్ని బట్టి జవాబు మారుతుంది. జావాస్క్రిప్టులో ఆ మాట పొడవు 8. యూటీఎఫ్-8 ఫైల్లో 24 బైట్లు. మనిషి కంటికి కనబడే అక్షరాలెన్నో చెప్పమని ప్రత్యేకంగా అడిగే ఏర్పాటు ఉన్నచోట కూడా చాలాకాలం 5 అనే వచ్చేది. త్తను నడిమికి చీల్చి త్ ఒకటి, త ఒకటి అని ఆ సాధనాలు లెక్కపెట్టేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో, తెలుగుతో సహా ఆరు భారతీయ లిపులకు వత్తక్షరాన్ని విడదీయకూడదన్న నియమం చేరింది. ఆ నియమాన్ని అందుకున్న సాధనాలు ఇప్పుడు పిల్లతో పాటు నాలుగంటున్నాయి. అందుకోనివి ఇంకా ఐదంటున్నాయి.

సాఫ్ట్‌వేర్ సాధనాలను పోల్చేటప్పుడు డెవలపర్లు వేసుకునే పట్టికలో వేగం ఉంటుంది, ధర ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, గిట్‌హబ్‌లో ఎన్ని నక్షత్రాలు పడ్డాయో ఉంటుంది. అవన్నీ చూడవలసినవే. తెలుగులో బిల్లో, రసీదో, పుస్తకమో, యాపో తయారుచేసేవారికి మాత్రం వాటన్నిటికంటే ముందు ఇంకో గడి కావాలి: ఇందులో అక్షరాలు కూర్చే పని ఎవరు చేస్తున్నారు? ఆ గడి ఖాళీగా ఉంటే, ఆ సాధనం ఎంత వేగంగా నడిచినా మన పనికి రాదు.

నేను ఏ సాధనాన్ని చేతికి తీసుకున్నా ముందు మా వైపు ఊళ్ల పేర్లు నాలుగు పెట్టి చూస్తాను: కొత్తకోట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్. కొత్తకోట వనపర్తి జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న చేనేత ఊరు. మిగతా మూడూ 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన జిల్లాల పేర్లు. ఊళ్ల మీద అభిమానం ఉన్నమాట నిజమే గాని అదొక్కటే కారణం కాదు. తెలుగు కూర్పులోని ముఖ్యమైన చిక్కులు ఈ నాలుగు పేర్లలో ఒక్కచోట దొరుకుతాయి.

వనపర్తి సంగతే చూడండి. చివరి అక్షరం ర్తి. యూనికోడ్ దాన్ని నాలుగు గుర్తులుగా దాస్తుంది: ర, పొల్లు, త, గుడి. మనం పలికే వరుస అదే. కాగితం మీద వరుస వేరు. గుడి ర మీదికి ఎక్కుతుంది, త వత్తయి కిందికి దిగుతుంది. అంటే, అందరికంటే చివర వచ్చిన గుడి తనకు ముందున్న తను దాటుకుని వెనక్కి వెళ్లాలి. ర తలకట్టు తొలగిపోయి ఆ చోట గుడి కూర్చోవాలి. పొల్లు, త కలిసి ఒక్క తవత్తుగా మారాలి. ఆ వత్తు ర కింద, ఫాంటు గీసినవారు అనుకున్నంత దూరంలోనే పడాలి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. తవత్తుకు త పోలికే ఉండదు. కాబట్టి తను చిన్నదిగా చేసి కింద పెడితే సరిపోదు, వేరే గీసి ఉంచిన బొమ్మను వెతికి తేవాలి. గద్వాలలోని ద్వాకు ఇదే దారి: దీర్ఘం దకు పోతుంది, వ కిందికి దిగుతుంది. నాగర్‌కర్నూల్‌లోని ర్నూ కూడా అంతే, కొమ్ము దీర్ఘం రకు, వత్తుగా న. చదివేవారి కంటికి ఇదేమీ తగలదు. తగిలిందంటే ఎక్కడో పని చెడిందన్నమాట.

నాగర్‌కర్నూల్ అన్నిటికంటే గడుసు పేరు. ఉన్నదున్నట్టు కొట్టుకుంటూ పోతే నాగర్కర్నూల్ అవుతుంది, క వత్తయి ర కింద చేరుతుంది. మనకు కావలసింది పొల్లుతో ర్, దాని పక్కన నిండు క. ఇక్కడ కలపవద్దని చెప్పడానికి యూనికోడ్‌లో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగు టైపు చేసే పనిముట్టు లేఖినిలో టోపీ గుర్తు కొడితే అదే పడుతుంది. దాని వెడల్పు సున్నా అయినా తెచ్చే చిక్కు చిన్నది కాదు. ఆఫీసులో ఒకరు ఆ గుర్తు పెట్టి కొట్టి, పక్కసీటువారు పెట్టకుండా కొడితే డేటాబేసులో ఒక జిల్లా రెండు జిల్లాలవుతుంది. ఒక రూపంతో వెతికితే రెండో రూపంలో ఉన్న అర్జీలు కనబడవు. తెర మీద చూపించే పేరులో ఆ గుర్తును ఉంచి, వెతకడానికి దాచుకునే పేరులోంచి తీసేయడం దీనికి మందు. ఈ గుర్తుకు జోడీగా కలపమని చెప్పే జాయినర్ ఇంకొకటి ఉంది. రకు పొల్లు పెట్టి, వెంటనే దాన్ని పెడితే పాత అచ్చుల్లో రకు బదులు తర్వాతి హల్లు కుడిపక్కన మనం చూసిన వలపలగిలక రావాలి. ఫాంటులో ఆ బొమ్మ ఉండి, కూర్చేవాడికి ఆ నియమం తెలిస్తేనే వస్తుంది.

ఈ పనంతా చేసే సాఫ్ట్‌వేరును షేపింగ్ ఇంజన్ అంటారు. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు చేసిన పనే ఇది. రాతప్రతిలో ర్తి అని చూసి, కేసులోంచి రి ఒకటి, తవత్తు ఒకటి ఏరి పేర్చేవాడు. ఇవాళ ఈ పనికి ప్రధానంగా ఉన్నవి మూడు. విండోస్‌లో మైక్రోసాఫ్టు వారి యూనిస్క్రైబ్, దాని తర్వాత వచ్చిన డైరెక్ట్‌రైట్ ఒక వరస. ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ రెండోది. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మూడోదాన్ని గురించి. దాని పేరు హార్ఫ్‌బజ్.

హార్ఫ్‌బజ్‌ను ఏళ్ల తరబడి ముందుండి రాసినవాడు బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన ప్రోగ్రామరు. హార్ఫ్‌బజ్, ఫాంట్ల బొమ్మలు గీసే ఫ్రీటైప్ ప్రాజెక్టులోని పాత కోడు నుంచి మొదలైంది. తర్వాత దాన్ని మొత్తం తిరగరాశారు, 2015లో 1.0 సంచిక వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, రుసుము లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నిటిలోనూ కూర్పు పని దీనిదే. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ తెరిచి మనం చదివే తెలుగు దీని చేతుల మీదుగా వచ్చినదే.

ఇంత వాడకం ఉందని కాదు నా మెచ్చుకోలు. పని చేసిన తీరు చూసి. భారతీయ లిపుల భాగం రాస్తున్న రోజుల్లో ఒక్కో లిపికి వేల నుంచి లక్షల దాకా పదాలు పోగుచేసి, అదే పదాన్ని అదే ఫాంటుతో యూనిస్క్రైబ్‌లో ఒకసారి, హార్ఫ్‌బజ్‌లో ఒకసారి కూర్పించి, ఆకారాలు కలుస్తున్నాయా అని పోల్చారు. తెలుగుకు పెట్టిన పదాలు 9,70,573. తేడా వచ్చినవి చివరికి 18 మిగిలాయి. ఆ లెక్కను ఎక్కడో మూల దాచలేదు. కోడులో మార్పు చేసి, ఆ మార్పు వివరంలోనే లిపివారీగా ఎన్ని కలిశాయో, ఎన్ని కలవలేదో రాసిపెట్టుకుంటూ పోయారు. తెలుగు తన మాతృభాష కాని మనిషి, మన వత్తులూ గుణింతాలూ కుదిరాయో లేదో తెలుసుకోవడానికి తొమ్మిది లక్షలకు పైగా మాటలను గీటురాయి మీద గీసి చూశాడు. మన భాష మీద ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

పరీక్ష అంతటితో ఆగదు. ఎవరైనా ఫలానా ఫాంటులో ఫలానా మాట తప్పు పడుతోందని చెబితే, ఆ ఫాంటులోంచి ఆ మాటకు కావలసిన ఆకారాలు మాత్రమే కోసి చిన్న ఫాంటు చేసి, ఆ మాటను, రావలసిన జవాబును దాని పక్కన రాసి పరీక్షల సంచిలో వేస్తారు. ఆ తర్వాత ఎవరు ఏ మార్పు చేసినా ఆ మాట మళ్లీ పరీక్షకు వస్తుంది. ఒకసారి సరిచేసిన తప్పు చాటుగా తిరిగి రావడానికి వీల్లేదు.

హార్ఫ్‌బజ్‌తో పాటు హెచ్‌బీ-షేప్ అనే చిన్న ఉపకరణం వస్తుంది. తెలుగు సాఫ్ట్‌వేరు రాసే ప్రతి ఒక్కరి దగ్గరా ఉండవలసిన వస్తువు. ఫాంటు ఫైలునూ ఒక మాటనూ ఇస్తే, ఏ ఆకారాలు ఏ వరుసలో పడ్డాయో, ఒక్కోదాని వెడల్పు ఎంతో ఒకే వరుసలో రాసి చూపిస్తుంది. ప్రతి ఆకారం పక్కన ఒక అంకె ఉంటుంది, అది మూలంలో ఎన్నో గుర్తు నుంచి పుట్టిందో చెప్పే అంకె. వనపర్తి ఇచ్చి చూడండి. లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి వకు 0, నకు 1, పకు 2 పడతాయి. తర్వాత రికీ 3, తవత్తుకూ 3. గుడి తను దాటుకుని వెళ్లింది కాబట్టి ఆ నాలుగు గుర్తులనూ ఇక విడదీయకూడదని ఇంజన్ ఒక ముడి వేసింది. కర్సరును పక్కకు జరిపితే ర్తి మధ్యలో ఆగకుండా దాన్ని దాటి పోవడానికి ఆధారం ఆ ముడే. తప్పు ఫాంటుదా, ఇంజనుదా, మన ప్రోగ్రాముదా అన్న తగవు ఈ ఒక్క వరుసతో తేలిపోతుంది.

పెద్ద కంపెనీల పనిలోనూ ఈ చోట ఎంత ప్రమాదముందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, నాన్ జాయినర్, దీర్ఘం అనే అయిదు గుర్తులు ఆ వరుసలో ఉన్న సందేశం అందితే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. చూడటానికి అది మామూలు జ్ఞా. ఞకూ దీర్ఘానికీ మధ్య నాన్ జాయినర్ మనమెవరమూ పెట్టం. నాగర్‌కర్నూల్‌కు ప్రాణమైన గుర్తే, ఉండకూడని చోట పడేసరికి కోర్‌టెక్స్ట్ తడబడింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. పత్రికలు దీన్ని తెలుగు అక్షరం చేసిన చేటుగా రాశాయి. అక్షరం చేసిన తప్పేమీ లేదు. అర్థమున్న మాటలతో పాటు అర్థంపర్థం లేని వరుసలతో కూడా ఇంజన్‌ను పరీక్షించాలని ఆ ఉదంతం చెబుతోంది. హార్ఫ్‌బజ్‌కు అలాంటి తలాతోకా లేని వరుసలను యంత్రమే పుట్టించి పెట్టే పరీక్ష నిరంతరం నడుస్తూ ఉంటుంది.

ఇక ఎంపిక దగ్గరికి వద్దాం. కొత్తకోటలో చీరల దుకాణానికి తెలుగు బిల్లు పీడీఎఫ్‌గా ఇచ్చే ప్రోగ్రాము రాయాలనుకోండి. పీడీఎఫ్ చేసిపెట్టే లైబ్రరీలు బోలెడు. వాటిలో చాలావాటికి కూర్పు ఇంజన్ లేదు, గుర్తును చూసి ఫాంటులోని బొమ్మను తెచ్చి పక్కపక్కన అంటిస్తాయి. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో త, పొల్లు, త విడివిడిగా నిలబడి కొత్త కాస్తా కొత్‌త అవుతుంది. ఫాంటు మార్చి చూస్తే పోయే జబ్బు కాదిది.

పైథాన్‌లో రాసేవారికి నా మొదటి ఓటు ఎఫ్‌పీడీఎఫ్2కు. చిన్నది, పెద్దగా ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. 2023లో దీనికి హార్ఫ్‌బజ్‌ను జోడించారు. ఒక్క జాగ్రత్త: అక్షరాల కూర్పును మనమే ఒక ఆదేశంతో ఆన్ చేయాలి, దానంతట అది చేయదు. ఆ వరుస రాయకముందు ఒక బిల్లు, రాశాక ఒక బిల్లు తీసి పక్కపక్కన పెడితే తేడా ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. బిల్లు రూపం ముందే హెచ్‌టీఎంఎల్‌లో తయారై ఉంటే వీజీప్రింట్ మేలు. దానిలో పాంగో అనే లైబ్రరీ ద్వారా హార్ఫ్‌బజ్ పనిచేస్తుంది, పట్టికలూ గీతలూ సీఎస్ఎస్‌తో దిద్దుకోవచ్చు. తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్ తీయించడం ఇంకో దారి. కూర్పు నిక్కచ్చిగా ఉంటుంది గాని, రోజుకు నాలుగు బిల్లులు తీసే దుకాణానికి బ్రౌజరు మొత్తాన్ని మోయించడం నాకు సమ్మతం కాదు. జావాలో పేరున్న ఐటెక్స్ట్‌కు మన లిపుల కూర్పు పీడీఎఫ్‌కాలిగ్రాఫ్ అనే విడి భాగంలో ఉంది, దానికి వేరే లైసెన్సు కొనాలి. పాత ప్రోగ్రాముల్లో విస్తారంగా కనిపించే డబ్ల్యుకే-హెచ్‌టీఎంఎల్-టు-పీడీఎఫ్ నిర్వహణ 2023లో ఆగిపోయింది, కొత్త పనికి దాని జోలికి పోవద్దు.

పుస్తకానికైతే రెండో ఆలోచన లేదు, టెక్ కూర్పు కుటుంబంలోని జీలాటెక్. 2013 నుంచి దాని కూర్పు హార్ఫ్‌బజ్‌దే. దానికి తోడు టెక్ సామగ్రిలో తెలుగు మాట వరుస చివర ఎక్కడ విరగవచ్చో చెప్పే నమూనాలున్నాయి, వాటిని రాసినవాడు కేరళకు చెందిన సంతోష్ తొట్టింగల్. సమాసాలు పొడుగ్గా సాగే మన వాక్యాలకు ఇది వరం. ఈ నమూనాలు లేకుండా రెండు అంచులూ సమంగా కూర్చితే మాటల మధ్య కిటికీలు తెరుచుకుంటాయి.

వీటిలో దేన్ని ఎంచుకున్నా ఇంకో పరీక్ష తప్పనిసరి. తయారైన పీడీఎఫ్‌లోంచి వనపర్తిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. కంటికి సరిగ్గా ఉన్న మాట అతికించేసరికి చెడిపోవడం తరచూ జరుగుతుంది. పీడీఎఫ్‌లో దాగేది ఆకారాల వరుస, అంటే ముందు రి, తర్వాత వత్తు. అసలు మాట ఏమిటో పక్కన రాసిపెట్టకపోతే తిరిగి చదివేటప్పుడు గుడి తకు ముందే ఉండిపోతుంది. రేపు ఆ బిల్లుల్లో ఒక పేరు వెతకాలన్నా, ఆ పుస్తకాన్ని ఇంకో రూపంలోకి మార్చాలన్నా ఈ తప్పు అడ్డం పడుతుంది. అచ్చు బాగుందని సంతోషించి వదిలేస్తే, వ్యవహారమంతా బొమ్మల పాలవుతుంది.

ఇంజన్ ఎంత మంచిదైనా బొమ్మలు గీసేది ఫాంటే. సిలికానాంధ్ర సంస్థ ద్వారా విడుదలైన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒకటి ఈ నేల మనిషి పేరు మోస్తోంది: సురవరం. దాన్ని గీసినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. గద్వాల ప్రాంతపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. పత్రికల శీర్షికలకు తగిన అక్షరానికి ఆయన పేరు పెట్టడం ఎంతో సముచితం. దుకాణం పేరుకు, పుస్తకం అట్టకు సురవరం వాడండి. బిల్లు లోపలి చిన్న అక్షరాలకు మందలి గాని నోటో సాన్స్ తెలుగు గాని తీసుకోండి. చిన్న సైజులో వత్తుల కడుపులు పూడుకుపోకూడదు. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగలకుండా వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే కొంత ఎక్కువ ఇవ్వండి.

టైపు చేసే పద్ధతి గురించి ఒక్క మాట. కొత్తకోటకు ఇన్‌స్క్రిప్టులో ఎనిమిది మీటలు, షిఫ్టు అవసరమే లేదు. యూనికోడ్ దాచుకునే గుర్తులు ఎన్నో మీటలూ అన్నే. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే లేఖినిలో, తొమ్మిది మీటలు, రెండుసార్లు షిఫ్టు. రోజంతా తెలుగు కొట్టే ఉద్యోగమైతే ఇన్‌స్క్రిప్టు నేర్చుకోవడం లాభం. అప్పుడప్పుడు రాసేవారికి లేఖిని హాయి. ఎలా కొట్టినా లోపల దాగేది ఒకటే కాబట్టి ఇక్కడ ఎంపిక వేళ్ల అలవాటుకు వదిలేయవచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో ఆ సౌకర్యం లేదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకున్న ఆ ఫైళ్లు ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని రాతలవుతాయి. కొత్తగా మొదలుపెట్టే ఏ పనీ ఆ పద్ధతిలో చేయవద్దని గట్టిగా చెబుతాను.

నా తీర్పు ఇది: దుకాణం బిల్లుకు ఎఫ్‌పీడీఎఫ్2, ముందే వెబ్‌పేజీ ఉన్న పనికి వీజీప్రింట్, పుస్తకానికి జీలాటెక్. మూడింటి లోపలా కూర్చేది హార్ఫ్‌బజే. మీ పనిలో ఎక్కడైనా ఒక మాట తప్పుగా పడితే, ముందు హెచ్‌బీ-షేప్‌తో ఆ తప్పు ఎక్కడిదో తేల్చుకోండి. తర్వాత ఆ మాట, ఫాంటు పేరు, రావలసిన రూపం బొమ్మ ఈ మూడూ కలిపి, ఆ తప్పు ఎవరిదైతే ఆ ప్రాజెక్టువారికి రాయండి. మీరు పంపిన మాట పరీక్షల్లో చేరితే, ఆ తర్వాత ఏ తెలుగువారికీ ఆ తప్పు ఎదురుకాదు.